రెండు ప్రసంగాలకు ఒక్క నోరు

లింబపుట్టులో రత్నాలు ఏం చేస్తుందని ఎవరినైనా అడగండి. కాఫీ తోట చూసుకుంటుందనీ, పసుపు తవ్వుతుందనీ, గాసి పెళ్ళామనీ చెప్పే ముందు, "మాట మారుస్తాది" అంటారు. ఆడిన మాట తప్పుతుందని కాదు. తెలుగులో చెప్పినదాన్ని కొండ మాటలోకి మారుస్తుందని.

ముంచింగిపుట్టు సంత దగ్గర జీపు దిగి, గెడ్డ నీళ్ళు దాటి, కొండెక్కితే వచ్చే ఊరు అది. ఇళ్ళల్లో మాట్లాడే ఆ కొండ మాట ఆదివాసీ ఒరియా. కుర్రకారుకు తెలుగు బాగానే వచ్చు, ముసలివాళ్ళకు మాత్రం సంతలో బేరమాడేంత వరకే. రత్నాలు చిన్నప్పుడు కతోలిక సిస్టర్ల హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివింది. జ్ఞానస్నానం తీసుకున్నదీ, పుస్తకాల తెలుగు పట్టుబడిందీ అక్కడే. గాసిని చేసుకుని లింబపుట్టు వచ్చాక, నెలకోసారి పూజ చెప్పడానికి కొండెక్కే ఫాదర్‌కు ఆమె నోరు అవసరమైంది. ఫాదర్లు మారుతూ వచ్చారు గానీ ఆమె పని మారలేదు. ఇప్పుడు వచ్చేది ఫాదర్ ఆల్విన్. కేరళ మనిషి. తెలుగు పెద్దయ్యాక నేర్చుకున్నాడు కాబట్టి ఆయన మాట అచ్చేసిన కాగితంలా ఉంటుంది.

కొన్నేళ్ళ కిందట పార్వతీపురం వైపు నుంచి పాస్టరు యెహోషువ, ఆయన భార్య దెబోరా వచ్చి ఊరి చివర రేకుల షెడ్డు వేసి ప్రార్థన మందిరం పెట్టారు. పాస్టరు నోట మాట గెడ్డలా పారేది. కాని ముసలివాళ్ళకు ఒక్క ముక్క ఎక్కేది కాదు. ఆయన కూడా తన ప్రసంగం మార్చమని రత్నాలు గుమ్మంలోకే వచ్చాడు. ఆమె ఫాదర్‌ను అడిగింది. ఆయన, ప్రభువు మాటే కదా, చెప్పమనీ, పూజ మాత్రం మానవద్దనీ అన్నాడు. అలా నెలలో ఒక ఆదివారం ఉదయం ఫాదర్‌కూ, ప్రతి ఆదివారం సాయంత్రం పాస్టరుకూ ఆమే నోరయింది.

అప్పట్లో ఆమెకు రెండూ ఒకటే. ఒకచోట మరియతల్లి బొమ్మ ఉంటుంది, ఇంకోచోట డప్పులూ మైకూ ఉంటాయి. ఒకరు జ్ఞానస్నానమంటారు, ఇంకొకరు బాప్తిస్మమంటారు. ఒకరు వరప్రసాదమంటారు, ఇంకొకరు కృప అంటారు. కొండ మాటలోకి వచ్చేసరికి మొదటి రెండూ 'నీళ్ళు', తర్వాతి రెండూ 'దొయా' అయిపోయేవి. తన నోట్లో కలిసిపోయేవి బయట ఎందుకు కలవవో ఆమెకు తోచలేదు.

గొడవ క్రియలు అనే మాట దగ్గర మొదలైంది. ఒక ఆదివారం ఉదయం ఫాదర్, క్రియలు లేని విశ్వాసం చచ్చిన విశ్వాసమేనని చెప్పాడు. వేరే మాట తట్టక రత్నాలు 'క్రియ' అనే వాడేసింది. ముసలమ్మలంతా సంతోషంగా తలలూపారు. కొండ మాటలో క్రియ అంటే చచ్చినవాళ్ళకు చేసే దినాలు. చచ్చినవాళ్ళకు దినాలు చెయ్యాల్సిందేనని ఫాదర్ ఒప్పుకున్నాడని వాళ్ళ లెక్క. ఆ సాయంత్రమే పాస్టరు, రక్షణ క్రియల వల్ల రాదు, ఒక్క విశ్వాసం వల్లే వస్తుందన్నాడు. రత్నాలు అదీ అలాగే చెప్పింది. షెడ్డులో గుసగుసలు లేచాయి.

ఇంటికొచ్చాక అత్త సుక్రి కోడలిని నిలదీసింది. పొద్దున్న చెయ్యమన్న నోరు సాయంత్రం వద్దంటే ఏది వినాలని. అప్పటికి గాని రత్నాలుకు జరిగింది అర్థం కాలేదు. దినాలు కాదత్తా, క్రియలంటే మనం చేసే మంచి పనులని సర్దిచెప్పింది. సుక్రి పొగాకు చుట్ట ఆర్పేసింది.

"అయితే ఇది మరీ పాడుగుందే గుంటా. దినాలొద్దన్నా సరిపెట్టుకుందుము. మంచి సేసినా లాభం లేదంటే ఎలాగ?"

రత్నాలుకు ఆ వారమంతా కాఫీ మొక్కల కింద కలుపు తీస్తున్నా అదే ధ్యాస. ఇద్దరూ చెప్పింది బైబిలు వాక్యంలో ఉన్నదే. వెళ్ళి పాస్టరునే అడిగింది. ఆయన విసుక్కోలేదు. తోటలోకి వచ్చి ఒక మొక్క ముందు నిలబడి చెప్పాడు.

"మొక్క బతికుంటే కాయ కాస్తది రత్నాలమ్మా. కాయ కాసినందుకు బతకదు. ముందు బతుకు. అది యేసయ్య ఒట్టినే ఇచ్చింది. మంచిపనులు ఎనకాల అయ్యే వొస్తాయి."

బాగుందనుకుంది. మరుసటి నెల ఫాదర్‌కు ఇదే మాట చెప్పింది, తప్పు పడతాడేమోనని చూస్తూ. ఆయన తప్పు పట్టలేదు. తాము కూడా దేవుని వరప్రసాదమే ముందంటామనీ, మన మంచితనంతో దేవుణ్ణి కొనలేమనీ అన్నాడు. ఎప్పుడో తొంభై తొమ్మిదిలో తమ కతోలిక సభ పెద్దలూ లూథరన్ల పెద్దలూ కూర్చుని ఈ విషయంలో చాలావరకు ఒక్క మాట మీదికి వచ్చి సంతకాలు కూడా చేశారన్నాడు. రత్నాలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. అంతలో ఆయనే, "కాని, కాయలు కాయని చెట్టును నరకమని కూడా ప్రభువు ఉపమానంలో ఉంది. దేవుడు ఇచ్చినదానితో మనం నడవాలి, రత్నాలు. ప్రేమ లేని నమ్మకం రక్షించదు" అన్నాడు. ఆ సంతకాల సంగతి పాస్టరుకు చెబితే, అవి చేసినవాళ్ళు వేరే మిషనువాళ్ళు, తాము కాదన్నాడు. చిక్కు మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంతవరకూ అది మాటల చిక్కే. మంగ్లు జబ్బు పడ్డాక అది ఇంట్లోకి వచ్చింది.

మంగ్లు గాసికి అన్న. జీలుగు కల్లు కాలంలో జీలుగు కల్లు, అది లేనప్పుడు సారా. తాగితే పెళ్ళాం రాజకుమారిని కొట్టేవాడు. ఒకసారి ఆమె మణికట్టు విరిగింది. సరిగా అతుక్కోక ఇప్పటికీ వంకరగానే ఉంటుంది. అతని పొలం దున్నిందీ, అతని పిల్లల్ని హాస్టల్లో చేర్పించిందీ గాసి. ఆ గాసి ఏ నీళ్ళూ తీసుకోలేదు. ఇటుకల పండగకు వేటకు వెళ్తాడు, ఊరి దేవతకు కోడిని కోస్తాడు. ఎవరికి జబ్బు చేసినా పిలవకముందే డోలీ కర్ర కింద భుజం పెడతాడు. భార్య ప్రసంగం మారుస్తుంటే షెడ్డు బయట మొద్దు మీద కూర్చుని అన్నీ వింటాడు. లోపలికి మాత్రం రాడు.

మంగ్లుకు పచ్చకామెర్లు ముదిరి పొట్ట ఉబ్బింది. గాసీ, మరికొందరూ డోలీ కట్టి రోడ్డు దాకా మోశారు. అక్కడి నుంచి అంబులెన్సులో పాడేరు. ఆస్పత్రిలో వాళ్ళు చెయ్యగలిగింది చేశారు గాని అప్పటికే ఆలస్యమైపోయింది, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. పాస్టరు యెహోషువ రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. రోగికి కాళ్ళు తుడిచేవాడు, గంజి తాగించేవాడు. రాజకుమారి గుమ్మం దగ్గర కూర్చుని ఉండేది. ఒకనాడు పాస్టరు, ప్రభువును నమ్ముతున్నావా అని అడిగాడు. రత్నాలు కొండ మాటలో అడిగింది. మంగ్లు ఒక చేత్తో తమ్ముడి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"నిన్నే పట్టుకున్నాను. నన్నొగ్గీకు."

'నిన్నే పట్టుకున్నాను, నన్ను వదిలెయ్యకు' అని, అన్నది అన్నట్టుగానే రత్నాలు తెలుగులో చెప్పింది. పాస్టరు చేతులెత్తి స్తోత్రం చేశాడు. నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇవ్వడానికి వీల్లేదు గనక ఒప్పుకోలు ప్రార్థన చేయించాడు. మంగ్లు పెదాలు కదిలాయి. అతను 'నిన్నే' అన్నది యేసయ్యనో, చెయ్యి అందించిన తమ్ముణ్ణో రత్నాలుకు ఆనాడూ తెలియలేదు. అడుగుదామనుకునేలోపు అతనికి తెలివి తప్పింది. మళ్ళీ రాలేదు.

సమాధి కార్యక్రమం పాస్టరే చేశాడు. మంగ్లు తన మంచివల్ల కాదు, యేసయ్య రక్తంవల్ల, పక్క సిలువ మీద చివరి గడియలో నమ్మిన దొంగ వెళ్ళినట్టే ఈవేళే పరలోకంలో ఉన్నాడని చెప్పాడు. రత్నాలు ఒక్కొక్క వాక్యాన్ని మారుస్తూ పోయింది. ఎదురుగా రాజకుమారి నిలబడి ఉంది. పాస్టరు గొంతు పాస్టరుదే. కాని ఆమె చెవిలో పడ్డ మాట రత్నాలుది. మంగ్లు పరలోకంలో ఉన్నాడని తోటికోడలి ముఖంలోకి చూసి చెప్పింది తానే.

మట్టి వేసి, గెడ్డలో చేతులు కడుక్కుంటున్నప్పుడు రాజకుమారి పక్కకొచ్చి కూర్చుంది.

"రత్నాలూ, నాను సచ్చి అక్కడికే ఎల్తే, ఆయనుంటాడేటి?"

రత్నాలు నీళ్ళలోంచి చేతులు తియ్యలేదు. రాజకుమారి ఏడవడం లేదు, ఎగతాళీ చెయ్యడం లేదు. దారి ఎటు అని అడిగినట్టు అడిగింది. పాస్టరును అడుగుదామంది రత్నాలు. ఇద్దరూ వెళ్ళారు. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి పాస్టరు చేతిలోని బైబిలు మూశాడు. తర్వాత, అక్కడ మంగ్లు కొత్త మనిషై ఉంటాడనీ, అక్కడ దెబ్బలూ కన్నీళ్ళూ ఉండవనీ చెప్పాడు. ఇక్కడ ఇన్నేళ్ళలో మారనివాడు అక్కడ ఒక్క పూటలో ఎలా మారతాడని రాజకుమారి అడిగింది. అది మనిషి చేసే పని కాదు, దేవుడు చేసేదన్నాడాయన. ఆ మాట ఆయన నమ్మి చెబుతున్నాడని ఎవరికైనా తెలుస్తుంది. దెబోరా మాత్రం లేచింది. వచ్చి రాజకుమారి పక్కన కూర్చుని, ఆ వంకర మణికట్టును తన ఒళ్ళో పెట్టుకుంది.

తర్వాతి నెల ఫాదర్ ఆల్విన్ వచ్చినప్పుడు ఆయన్నీ అడిగారు. ఎవరు ఎక్కడున్నారో తీర్పు చెప్పడం తన పని కాదన్నాడాయన. దేవుని స్నేహంలోనే చనిపోయినా ఇంకా శుద్ధి కావలసినవాళ్ళకు ఉత్తరించు స్థలం ఉందనీ, అక్కడ కడగబడి అప్పుడు దేవుని ముందుకు వెళ్తారనీ, బతికున్నవాళ్ళ ప్రార్థన వాళ్ళకు సాయపడుతుందనీ చెప్పాడు. రాజకుమారి ముఖం తేటపడింది. ముందు కడుగుతారన్నమాట, అంది. ఆ తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"బతికున్నప్పుడు కూడొండి పెట్టినాను. తాగుడు మానాలని మొక్కినాను. సచ్చినాక కూడా నా పనేనా?"

రత్నాలు దాన్ని మార్చింది. ఫాదర్ తల దించుకున్నాడు. బలవంతం ఏమీ లేదనీ, ఆమె తరఫున సభ ప్రార్థిస్తుందనీ, మనసు ఒప్పినప్పుడే చెయ్యమనీ అన్నాడు. ఎప్పటికీ ఒప్పకపోతే అని రాజకుమారి అడగలేదు. అడుగుతుందేమోనని రత్నాలు భయపడింది, మార్చాల్సింది తనే గనక.

సుక్రి బాధ ఇంకో తీరు. ఇద్దరు కొడుకుల తల్లి ఆమె. మంగ్లు పోయాక ఆదివారాలు రెండుచోట్లా ముందు వరసలో కూర్చునేది. ఒకనాడు చోళ్ళు తిరగలిలో విసురుతూ కోడలితో అంది:

"పాస్టరు మాట నా పెద్దోడికి బాగుంది. ఫాదరు మాట నా సిన్నోడికి బాగుంది. ఒక్క దేవుడే రెండు మాటలూ సెప్పినాడా, నువ్వే సగం సగం సెప్తన్నావా?"

రత్నాలు గుండెలో గుచ్చుకున్నది చిన్నోడి సంగతే. పాస్టరు లెక్కన చివరి పూట నమ్మిన మంగ్లు లోపల, ఆ మంగ్లును జీవితమంతా మోసిన గాసి బయట. పాస్టరు ఆ మాట నేరుగా ఎన్నడూ అనలేదు. గాసి కోసం ప్రార్థిస్తున్నానని మాత్రం అనేవాడు. ఆ ప్రార్థనే ఆమెకు భయం పుట్టించేది. ఫాదర్‌ను అడిగితే ఆయన ఊరట చెప్పాడు. తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియనివాళ్ళు, మనస్సాక్షి చెప్పినట్టు మంచిగా బతికితే, దేవుడు వాళ్ళను విడిచిపెట్టడన్నాడు. రత్నాలు లేచి నాలుగడుగులు నడిచి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"తెలియకపోవడమేముంది ఫాదర్? బయట మొద్దు మీద కూర్చుని అంతా విన్నాడు. చెప్పింది నేనే."

తాను మాట మార్చకపోయి ఉంటే గాసి తెలియనివాళ్ళలో ఉండేవాడు. వినిపించి, తెలిసినవాళ్ళలోకి తోసింది తానే. ఫాదర్ నవ్వి, చెవిన పడటమూ మనసుకు తెలియడమూ ఒకటి కాదని చెప్పాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర గాసిని నీళ్ళు తీసుకోమని అడిగింది. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. అతను కోడిపిల్లల్ని గంప కింద మూస్తున్నాడు.

"ఏ నీళ్ళు? ఫాదరువా, పాస్టరువా?"

ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసింది.

"నువ్వు తేల్చుకుని సెప్పు. తల వంచుతాను. నీ మాట మీద తప్ప నాకెవుల మాట మీదా నమ్మకం లేదు."

ఇంకెవరైనా అయితే మురిసిపోయే మాట అది. రత్నాలుకు మాత్రం నెత్తిన బండ పడ్డట్టయింది. తేల్చుకోలేనిదాన్ని పట్టుకుని తేల్చమంటున్నాడు. పైగా ఆ నమ్మకం ఎవరి మీద ఉండాలో వాళ్ళ మీద కాక తన మీద ఉంది.

మర్నాటి నుంచి ఆమె మాట మార్చడం మానేసింది. గొంతు బాగాలేదని కబురు పంపింది. షెడ్డులో పాస్టరు మైకులో ఎంత చెప్పినా ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. ఆయన ఒక కుర్రవాణ్ణి నిలబెడితే వాడు రెండు వాక్యాలకే చెమటలు పట్టి కూర్చున్నాడట. నెల తిరిగి పూజ వచ్చింది. ఫాదర్ తనకొచ్చిన నాలుగు ఒరియా ముక్కలతో ప్రసంగం చెయ్యబోతే 'గొర్రె' అనాల్సిన చోట ఇంకేదో పడి ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఇంటికొచ్చి సుక్రి కోడలి మీద ఎగిరింది. తాను బతికుండేది ఇంకెన్నాళ్ళో తెలియదు, వినాల్సినవి వినకుండా పోమంటావా అంది. అర్థం కాకపోతే కాకపోనీ, తన చెవులకు అడ్డుపడడానికి నువ్వెవరివంది.

రత్నాలు మళ్ళీ లేచి నిలబడింది. అయితే ఇప్పుడు ప్రతి వాక్యం చివరా ఒక తోక తగిలించడం మొదలుపెట్టింది. "అని ఫాదర్ అంటున్నాడు." "అని పాస్టరు అంటున్నాడు." దాంతో ప్రసంగాలు చాలా పొడుగైపోయాయి. పాస్టరు మొహమాటపడుతూ, ఆ తోక తీసెయ్యకూడదా అని అడిగాడు. తియ్యనంది.

కాఫీ పళ్ళు ఎరుపెక్కే రోజుల్లో, నవంబరు మొదట, ఫాదర్ సమాధుల దీవెనకు వచ్చాడు. చనిపోయినవాళ్ళను తలుచుకుని సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే రోజది. పాస్టరువాళ్ళకు ఆ ఆచారం లేదు. చచ్చినవాళ్ళ లెక్క దేవుడు అప్పుడే చూసేశాడని వాళ్ళ నమ్మకం. రాజకుమారి ఈ మధ్య దెబోరా కోసమని షెడ్డుకే వెళ్తోంది. ఆ రోజు రాదనుకున్నారు. వచ్చింది. మంగ్లు సమాధి మీద మొలిచిన గడ్డి పీకింది. ఫాదర్ నీళ్ళు చల్లి, ప్రార్థన చదివి, పక్క సమాధి దగ్గరికి వెళ్ళాడు. రాజకుమారి చేతిలో కొవ్వొత్తి వెలిగించకుండా అలాగే ఉంది.

"నువ్వు సెప్పు రత్నాలూ. ఆయన కోసం నాకు మాట రాదు. అలాగని ఊరకే ఎల్లలేను."

అలవాటు కొద్దీ రత్నాలు పక్కకు చూసింది, ముందు ఎవరైనా ఏదైనా అంటే మార్చుదామన్నట్టు. ఎవరూ లేరు. ఫాదర్ దూరంగా ఉన్నాడు. కళ్ళు మూసుకుంది. మంగ్లు కడగబడుతున్నాడో, కొత్త మనిషై కూర్చున్నాడో, అసలు ఈ పూట తను చేసేది పనికొచ్చేదో కాదో ఆమెకు తేలలేదు. చివరికి కొండ మాటలో చిన్నగా అంది.

"ఇతన్ని సూసుకో. ఈమెనీ సూసుకో. ఈమె అడిగేదాకా ఇతన్ని ఈమె కాడికి పంపకు."

రాజకుమారి కొవ్వొత్తిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత అడిగింది.

"ఇది ఎవులన్నది? ఫాదరా, పాస్టరా?"

"తెలీదక్కా. ఎవులూ అనలేదు."

"అలాగ అడగొచ్చా?"

"అదీ తెలీదు."

రాజకుమారి తలూపింది. కొవ్వొత్తి వెలిగించలేదు. కరెంటు పోయినప్పుడు పనికొస్తుందని కొంగున ముడేసుకుంది. మబ్బు పడుతోంది, ఎండేసిన కాఫీ గింజలు తడుస్తాయని కింద నుంచి గాసి కేకేశాడు. ఇద్దరూ బేగి బేగి దిగారు.